ఇష్టం, పదికి ఎంత?

జూన్ 2, సోమవారం

ముందుగా నన్ను క్షమించాలి. నా రాత కోడిగీతల్లా ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పడాలో నాకు ఎప్పుడూ అనుమానమే. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. అయినా అడిగేశాను, కాస్త తేలికపడ్డాను.

అత్తయ్యకు కుడి మోకాలి చిప్ప మార్చి ఈ రోజుకు పన్నెండు రోజులు. ఫిజియో మేడమ్ మొదటిసారి ఇంటికి వచ్చింది. ప్లాస్టిక్ కొలబద్దలాంటిది మోకాలికి ఆనించి "అరవై మూడు" అంది. తొంభై దాకా వంగాలట. జూలై పదహారున ఆపరేషన్ చేసిన డాక్టరు చూస్తాడు. అప్పటికి తొంభై దరిదాపుల్లోకి రాకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి, మనిషి స్పృహలో లేనప్పుడు కాలు పట్టుకుని బలవంతాన వంచుతారట. అత్తయ్య ఆ మాట వింటూ గోడవైపు తిరిగిపోయారు. మొదటి మత్తుకే ఆవిడ రెండు రోజులు మనుషుల్ని గుర్తుపట్టలేదు. నన్ను "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు. ఆ మాట ఆవిడకు గుర్తు లేదు. నాకు ఉంది.

మేడమ్ నాకొక పని అప్పజెప్పింది. "కాలు బాగానే ఉన్నా చాలామంది మధ్యలో వ్యాయామం మానేస్తారు చెల్లీ. ఎందుకు మానేస్తున్నారో నాకు తెలియాలి. రోజూ మొదలుపెట్టే ముందు అడుగు, ఇవాళ చెయ్యాలని ఎంత ఇష్టంగా ఉంది, పదికి ఎంత అని. ఆవిడ చెప్పింది రాయి. తర్వాత ఎన్ని నిమిషాలు చేశారో రాయి. అంతే."

మా ఆయన అప్పటికప్పుడే లాప్‌టాప్ తెరిచి గళ్ళు తయారుచేశారు. తేదీ, పూట, ఇష్టం, నిమిషాలు. ఆయన గోడౌన్‌లో సరుకు లెక్కలు చూస్తారు. గళ్ళు కనిపిస్తే చాలు, అన్నం కూడా గుర్తుండదు.

జూన్ 3

అడిగాను. "అత్తయ్యా, ఇవాళ ఇష్టం పదికి ఎంత?" నా గొంతు నాకే వినిపించలేదు.

"ఏంటీ?"

మళ్ళీ అడిగాను.

"పదికి ఎంతేమిటే? నేనేమైనా నీ దగ్గర పరీక్ష రాస్తున్నానా?"

స్నానాల గదిలోంచి ఆయన "ఏమైంది?" అని కేకేశారు. ఏమీ లేదండీ అన్నాను. నాలుగు వేశాను. పద్దెనిమిది నిమిషాలు.

జూన్ 4

అడగలేదు. ముఖం చూస్తే తెలిసిపోతుంది. ఐదు.

జూన్ 6

పాలు పొంగి పొయ్యంతా పాడైంది. అది తుడుస్తుంటే ఆయన చొక్కాకు గుండీ ఊడి ఉందని కేకలు. టైలరమ్మ ఇంట్లో గుండీ లేని చొక్కానా అని. కుట్టేది అత్తయ్య, కుట్టలేకపోతున్నదీ అత్తయ్యే, మాట పడ్డది నేను. అత్తయ్య కూడా ముభావంగా ఉన్నారు. మూడు. ఇరవై నిమిషాలు.

ఆవిడ కుట్టు మిషను మీద గుడ్డ కప్పి గది మూలకు నెట్టేశాం. ముప్పై ఏళ్ళు బడి పిల్లల యూనిఫారాలు కుట్టిన కాలు అది.

జూన్ 8, ఆదివారం

అక్క ఫోన్ చేసింది! గంటసేపు మాట్లాడుకున్నాం. పొద్దున వ్యాయామం కుదరలేదు, సాయంత్రం చేయించాను. అత్తయ్య ముఖం కూడా కళకళలాడింది. తొమ్మిది వేశాను.

జూన్ 9

డెబ్భై వచ్చింది. మేడమ్ షీటు చూసి "ఒక్క రోజు కూడా వదలకుండా భలే రాస్తున్నావే" అని నా భుజం తట్టింది. నాకు బడిలో కూడా ఇంత పొగడ్త దొరకలేదు. అడగకుండా రాస్తున్నానని అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పాల్సినంత పెద్ద సంగతి కాదనిపించింది. ముఖం చూసే రాస్తున్నాను కదా.

జూన్ 13

రెండు. ఎందుకో రాయను.

జూన్ 16

డెబ్భై ఏడు. అత్తయ్య కొలబద్ద చూసి "వారానికి ఏడు. గడియారంలా ఉన్నాను" అన్నారు. ఆవిడ హాస్యమాడటం ఆపరేషన్ తర్వాత ఇదే మొదటిసారి.

జూన్ 22, ఆదివారం

ఈ రోజు చాలా విసుగ్గా ఉంది. వివరంగా రాస్తాను.

మధ్యాహ్నం అత్తయ్య పడుకున్నాక ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఇక అసలు మజా చూడు" అన్నారు. పొద్దుటి ఇష్టం అంతా కూడి రోజులతో భాగిస్తే నాలుగూ పాయింట్ రెండు. సాయంత్రాలది ఏడున్నర. పసుపు రంగు కడ్డీ ఒకటి, నీలం కడ్డీ ఒకటి లేచాయి. నీలం దాదాపు రెండింతలుంది.

"చూశావా? అమ్మకు సాయంత్రం చెయ్యడం ఇష్టం. మనమేమో పొద్దున్నే పీక్కుతింటున్నాం."

నేను నెమ్మదిగా అన్నాను. "పొద్దుటివి పదిహేను రోజులు, సాయంత్రాలు నాలుగే కదండీ. అందులో రెండు ఆదివారాలు."

"అయితే?"

"నాలుగు రోజుల సగటుకూ పదిహేను రోజుల సగటుకూ ఒకే విలువ ఉంటుందా అని."

"సగటంటే సగటే. నువ్వెంత చదివావని నాకు చెబుతున్నావు?"

నోరు మూసుకున్నాను. ఆరో తరగతిలో సగటు పాఠం దాటిన తర్వాతే మానేశాను. ఆ మాట అనాలని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

తర్వాత ఇంకో లెక్క చేశారు. రెండు వరుసలు కలిసి నడుస్తున్నాయో లేదో చెబుతుందట అది. ఒకటి వస్తే చేతులు పట్టుకుని నడుస్తున్నట్టు, సున్నా వస్తే ఎవరి దారి వారిది. ఇష్టానికీ నిమిషాలకూ కట్టారు. సున్నా పాయింట్ సున్నా ఎనిమిది.

ఆయన ముఖం మాడిపోయింది. "ఇదెలా కుదురుతుంది? ఇష్టం తొమ్మిదున్న రోజూ ఇరవై నిమిషాలే, రెండున్న రోజూ ఇరవై నిమిషాలే. నువ్వు సరిగ్గా రాస్తున్నావా?"

"రాస్తున్నానండీ."

"అమ్మను అడిగే రాస్తున్నావా?"

"ఆ."

ఆ అన్నాను. ఒక్క అక్షరం.

జూన్ 23

ఎనభై రెండు. ఆయన కడ్డీల బొమ్మ మేడమ్‌కు చూపించి వ్యాయామం సాయంత్రానికి మారుద్దామన్నారు. మేడమ్ కాస్త ఆలోచించింది. "మామూలుగా పొద్దున మాత్ర వేసుకున్నాక చెయ్యడం మంచిది. కానీ ఇష్టం ఇంత తేడాగా ఉందంటే... సరే, మూడు వారాలు చూద్దాం."

అత్తయ్య నావైపొకసారి, ఆయనవైపొకసారి చూశారు.

జూన్ 25

ఏడు. పొద్దున్నే ఎంత హాయిగా ఉందో! టిఫిన్ డబ్బా సర్దుతూ గడియారం చూసే పని లేదు. సాయంత్రమే మంచిదని కడ్డీలు సరిగ్గానే చెప్పాయి.

జూన్ 27

ఏడు.

జూన్ 30

ఎనభై. రెండు తగ్గింది. ఒక వారం అటూ ఇటూ అవుతుందని మేడమ్ అంది.

జూలై 2

అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఎనిమిది వేశాను. లాప్‌టాప్‌లో ఇష్టం గీత పైకి పోతుంటే ఆయనకు సంతోషం. ఆయన సంతోషంగా ఉంటే ఇల్లు నెమ్మదిగా ఉంటుంది. ఇల్లు నెమ్మదిగా ఉంటే అత్తయ్యకూ ఇష్టంగానే ఉంటుంది కదా. అందుకే ఎనిమిది.

జూలై 7, సోమవారం

డెబ్భై ఆరు.

మేడమ్ మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే. తర్వాత షీటు అంతా కిందికీ పైకీ జరిపి చూసింది.

"ఇష్టం ఏడు, ఎనిమిది. నిమిషాలు ఇరవై ఐదు. ఇంత మనసుపెట్టి చేస్తున్నా వెనక్కి పోతోందంటే లోపల కండ అతుక్కుపోయి అతుకులు పడ్డట్టే. ఇక వ్యాయామంతో అయ్యేది కాదు. మత్తు ఇచ్చి వంచాల్సిందే. వచ్చే సోమవారం వచ్చి డాక్టరుగారికి చీటీ రాసిస్తాను."

అత్తయ్య "సరేనమ్మా" అన్నారు. ఆవిడ చెయ్యి దుప్పటి అంచును మడుస్తూ విప్పుతూ, మడుస్తూ విప్పుతూ ఉంది.

జూలై 8

ఆయన లాప్‌టాప్ ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళారు. మధ్యాహ్నం దాని ముందు కూర్చున్నాను. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని. నిమిషాల్లో వెతికాను. అవి గడియారం చూసి రాసినవే. తేదీల్లో వెతికాను. బాగానే ఉన్నాయి.

ఏ రోజు ఏమైందో చూద్దామని ఈ పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకున్నాను.

జూన్ ఆరు, మూడు. పాలు పొంగిన రోజు. జూన్ ఎనిమిది, తొమ్మిది. అక్క ఫోన్. జూన్ పదమూడు, రెండు. ఆ రోజు ఏడ్చింది నేను, అత్తయ్య కాదు. ఆవిడకు తెలియను కూడా తెలియదు. పొద్దుటివన్నీ మూడూ నాలుగూ, నాకు ఊపిరాడని వేళ. సాయంత్రాలన్నీ ఏడూ ఎనిమిదీ, నేను కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ.

ఆ వరుసలో అత్తయ్య ఎక్కడా లేరు. పై నుంచి కింది దాకా ఉన్నది నేనే.

పొద్దున్న పని భారమైంది నాకు. వ్యాయామం సాయంత్రానికి మారింది ఆవిడకు.

లాప్‌టాప్ మూసి, అది ముందు ఎలా ఉందో అలాగే బల్ల చివరకు జరిపి పెట్టాను. ఎవరు చూస్తారని జరిపానో.

జూలై 9

చెప్పలేదు.

ఆయనకు చెబితే ఇంట్లో ఉండనివ్వరేమో. అంత అనరు. కానీ "ఆరో తరగతి" అంటారు. ఆ ఒక్క మాట నాకు చాలు. మేడమ్‌కు చెబితే ఆవిడ భుజం తట్టిన చెయ్యి ఇంకెప్పుడూ రాదు. చెప్పకపోతే వచ్చే వారం అత్తయ్యకు మత్తు.

ఇలా మూడూ రాస్తే ఏం చెయ్యాలో తెలిసిపోయినట్టే ఉంది. అయినా చెప్పలేదు.

జూలై 10

చెప్పాను. ఎలా చెప్పానో రాసుకుంటాను, నేనే నమ్మలేకపోతున్నాను.

ఆయన పనికి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ అడిగి ఉంచుకున్నాను. వంటలు చూస్తానని అబద్ధమాడాను. అత్తయ్య మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, మేడమ్ మిమ్మల్ని అడిగి రాయమన్న అంకె ఒకటుంది. నేను అడగలేదు. నేనే వేశాను."

"ఏ అంకె?"

"మీ ఇష్టం. పదికి ఎంతని."

"నా ఇష్టం నువ్వు రాశావా?"

"అవునత్తయ్యా."

"ఎంత రాశావు? చదువు."

చదివాను. నాలుగు, ఐదు, మూడు. జూన్ ఎనిమిది రాగానే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తొమ్మిదా! నాకు తొమ్మిదెప్పుడొచ్చిందే? నా పెళ్ళినాడే ఆరు దాటలేదు!"

నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు, నేను మింగేశాను.

"ఇది చూసేనా వాడు సాయంత్రానికి మార్చింది?"

"అవును."

"సాయంత్రమయ్యేసరికి మోకాలు వాచి కుండలా ఉంటుంది. దాన్ని ఎలా వంచమంటారు? ఏదో పైపైన ఊపి, నిమిషాలు గడిపేదాన్ని."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నన్నెవరడిగారు? మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చుని మిషన్లో లెక్క తీశారు, ఆ మేడమ్ తలూపింది. కుట్టుపని దాన్ని, నాకేం తెలుసు, అంతా చూసే చెప్పారనుకున్నాను."

ఆవిడ కూడా నాలాగే నోరు మూసుకున్నారా? ఈవిడా? ఈ వీధిలో ఆవిడ నోటికి భయపడని వాళ్ళు లేరు.

తిడతారని తల వంచుకుని కూర్చున్నాను. బాగానే తిట్టారు. "నోట్లో నాలుక లేదా? నేనేమైనా పులినా?" అన్నారు. "ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని" అన్నాను. ఎలా అన్నానో తెలియదు. ఆవిడ "ఓహో" అని ఊరుకున్నారు.

తర్వాత "ఇప్పుడడుగు" అన్నారు.

"అత్తయ్యా, ఇవాళ ఇష్టం పదికి ఎంత?"

"సున్నా."

"నిన్న?"

"సున్నా. రాసుకో, మొదటి రోజు నుంచీ సున్నానే. కోసి కుట్టిన మోకాలు వంచుకోవడం ఎవరికే ఇష్టం? ఒక్కనాడు కూడా ఇష్టం లేదు."

ఒక్కో తేదీ చదివాను. ఒక్కో తేదీకి సున్నా అన్నారు. ముప్పై ఎనిమిది సున్నాలు.

"మరి రోజూ ఎలా చేశారు అత్తయ్యా?"

"నువ్వు గడియారం పట్టుకుని గుమ్మంలో నిలబడతావు కదా, లోపలికి రావు, బయటికి పోవు. రమ్మనవు, వద్దనవు. నేను లేవకపోతే సాయంత్రం దాకా అలాగే నిలబడేలా ఉంటావు. నీ కాళ్ళు నొప్పెడతాయని లేచేదాన్ని. ఏం చెయ్యను, నా ఖర్మ."

జూలై 11

పొద్దున్నే మాత్ర వేసుకుని ముప్పావు గంట తర్వాత చేశారు. అడిగి రాశాను. సున్నా. పద్దెనిమిది నిమిషాలు. మధ్యలో రెండుసార్లు అరిచారు, ఒకసారి నన్ను, ఒకసారి మోకాలిని.

మేడమ్‌కు ఫోన్ చేశాను. మూడుసార్లు నంబరు నొక్కి కట్ చేసి నాలుగోసారి మాట్లాడాను. జరిగింది చెప్పాను. "సోమవారం వస్తాను" అని పెట్టేసింది. కోపమే.

జూలై 13, ఆదివారం

ఆయనకు అత్తయ్యే చెప్పేశారు, నేను నోరు తెరవకముందే. ఆయన అరిచారు. ఆరో తరగతి అనలేదు. దానికంటే పెద్దవే అన్నారు. "నా మూడు వారాల గ్రాఫ్, మేడమ్ ముందు నా పరువు" అన్నారు. "అమ్మ మోకాలు" అని ఆఖరున అన్నారు.

అరవడం అయ్యాక మామూలు ప్రకారం లాప్‌టాప్ తెరిచారు. సున్నాల వరుస పెట్టి ఆ కలిసి నడిచే లెక్క మళ్ళీ కట్టారు. గడిలో అంకె రాలేదు. ఏవో గుర్తులు వచ్చాయి. మళ్ళీ కట్టారు. మళ్ళీ అవే.

"భాగించలేనంటోంది" అన్నారు. "వరుసంతా ఒకే అంకె అయితే ఈ లెక్క రాదు. ఎక్కడో ఒకచోట తేడా ఉండాలి."

"లేదు కదండీ."

"అందుకే చెబుతున్నా. ఏదో ఒక రోజుకు ఒకటి వెయ్యి. ఒక్కటే. లెక్క వచ్చేస్తుంది. రేపు ఆవిడకు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

"వెయ్యను."

ఆయన కీబోర్డు మీద నుంచి చేతులు తీశారు. "ఏంటీ?"

"అత్తయ్య సున్నా అన్నారు. సున్నానే ఉంటుందండీ."

"ఒకటి వేస్తే ఏమవుతుందే?"

"మొన్నటిదాకా నేను వేసినవి అవేగా. ఏమైందో చూశారు."

పక్క గదిలోంచి అత్తయ్య కేక. "నీకు ఒకటి కావాలంటే నువ్వొచ్చి వంచుకోరా ఈ మోకాలు!"

ఆయన లాప్‌టాప్ మూసేశారు. ఇన్నేళ్ళలో ఆయనకు నేను వద్దని చెప్పడం ఇదే మొదలు.

జూలై 14

ఎనభై మూడు.

మేడమ్ నావైపు చూడకుండానే కొలిచింది. అంకె చూశాక చూసింది. "మూడు వారాలు పోగొట్టావు. తెలుసా?" అంది. తెలుసన్నాను.

కాసేపయ్యాక తనే అంది. "మోకాలికి వాపు ఎప్పుడుంటుందని నేనూ అడగలేదు. ఆ కడ్డీలు చూసి ఊరుకున్నాను." మత్తు కోసం రాసి ఉంచిన చీటీ చింపి మరొకటి రాసింది. సాయంత్రాలు వాపు మీద చేయించడం వల్ల తగ్గిందని, పొద్దుటికి మార్చగానే నాలుగు రోజుల్లో ఏడు పెరిగిందని, అతుకులని తేల్చే ముందు గడువు ఇవ్వమని.

తర్వాత షీటులో ఇష్టం వరుసను కదపకుండా, దాని పక్కన కొత్త వరుస పెట్టమంది. "ఎందుకు చేశారు?" అని. అంకె కాదు, మాట రాయాలట. అత్తయ్యను అడిగితే "మొన్ననే చెప్పాగా, కోడలు గుమ్మంలో నిలబడిందని రాసుకోండి" అన్నారు. మేడమ్ అలాగే టైపు చేయమంది. నా గురించి నేనే టైపు చెయ్యాలి! చెవులు వేడెక్కిపోయాయి. "నిలబడింది" దగ్గర రెండుసార్లు తప్పు కొట్టాను.

ఆయన వెనక నుంచి వంగి చూస్తూ, నిజంగానే దిగులుగా అడిగారు. "దీనికి సగటెలా తీస్తారు?"

మేడమ్ కొలబద్ద సంచిలో పెట్టుకుంది.

జూలై 16

ఎనభై ఆరు. డాక్టరు చీటీ చదివాడు, తనే మోకాలు వంచి చూశాడు. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. మూడు వారాలు గడువిచ్చాడు. మత్తు ఇప్పుడు వద్దన్నాడు. ఇంకో నాలుగు రావాలి. వస్తాయో రావో నాకు తెలియదు, ఈసారి ముందే అంకె వేసుకోను.

ఇంటికి వస్తుంటే ఆటోలో అత్తయ్య "రేపు పొద్దున గుమ్మంలో నిలబడకు, లోపలికొచ్చి కూర్చో. నిన్నలా చూడలేకపోతున్నాను" అన్నారు.

ఇక ఈ పుస్తకం రాయను. ఆవిడను ఎదురుగా కూర్చుని అడిగేటప్పుడు ఇక్కడ రాసుకోవడానికి ఏం మిగులుతుంది? ఎవరి చేతికైనా ఇది దొరికితే దయచేసి కాల్చేయండి. ఇందులో అత్తయ్య గురించి అన్నీ మంచి మాటలే లేవు, జూన్ పదమూడు కూడా ఉంది. వంటింట్లో కాల్చకండి, పొగ ఆవిడకు పడదు. షీటు మాత్రం ఉంచండి.